నార్ల తాతారావు

నార్ల తాతారావు (1917 - 2007) విద్యుత్తు రంగ నిపుణుడు, పరిపాలనాదక్షుడు. 1974 నుండి 1988 వరకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్తు మండలికి అధ్యక్షుడిగా పనిచేశాడు. విజయవాడ సమీపంలో కృష్ణానది ఒడ్డున ఇబ్రహీంపట్నం వద్ద ఉన్న తాప విద్యుత్ కేంద్రానికి ఈయన పేరే పెట్టారు.

జీవిత విశేషాలు

తాతారావు కుటుంబం కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు సమీపంలోని కౌతవరం గ్రామానికి చెందినది. ప్రముఖ సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు ఈయన సోదరుడు. ఇంజనీరింగు చదివిన తాతారావు, సొంత రాష్ట్రానికి రాకముందు మధ్యప్రదేశ్ విద్యుత్తు మండలిలో పనిచేశాడు. ఆంధ్రప్రదేశ్ మండలి బాధ్యతలు స్వీకరించే నాటికి ఈయన వయసు 57 సంవత్సరాలు. సాధారణంగా ప్రభుత్వోద్యోగులు విశ్రాంతికి సిద్ధపడే ఆ వయసులోనే ఈయన అసలు పని మొదలయింది.

మండలి అధ్యక్షుడిగా

రాష్ట్ర విద్యుత్తు మండలి 1959లో ఏర్పడింది. 1970ల ఆరంభంలో రాష్ట్రం జలవిద్యుత్తుపై ఎక్కువగా ఆధారపడి ఉండేది. వానలు లేని ఏడు జలాశయాలు అడుగంటితే పొలాల్లో మోటార్లూ ఆగిపోయేవి, కర్మాగారాలూ ఆగిపోయేవి. దీనికి విరుగుడు ఒక్క ఏడాదిలో దొరికేది కాదు. విద్యుత్ కేంద్రాన్ని తలపెట్టింది మొదలు దీపం వెలిగే వరకు ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఈలోగా అధికారులు, మంత్రులు మారిపోవడం మామూలే.

తాతారావు విషయంలో విశేషమంతా ఇక్కడే ఉంది. ఈయన పదవిలో ఉండగా జలగం వెంగళరావు మొదలు ఎన్.టి.రామారావు వరకు ఏడుగురు ముఖ్యమంత్రులు పనిచేశారు. 1983లో రాష్ట్రంలో అధికార పార్టీయే మారింది. అయినా మండలి అధ్యక్షుడు మారలేదు. అందువలన మొదలుపెట్టిన పనులను పూర్తిచేసే వీలు, తప్పొప్పులకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఒక్కరికే దక్కాయి. దిగువ సీలేరు (1976), నాగార్జునసాగర్ (1978), శ్రీశైలం (1982) జలవిద్యుత్ కేంద్రాలలో ఉత్పత్తి ఈ కాలంలోనే ప్రారంభమయింది.

ఇదే కాలంలో, 1980ల తొలినాళ్ళలో, వ్యవసాయ పంపుసెట్లకు మీటరు లెక్క పోయి హార్స్‌పవర్ లెక్కన ఛార్జీ వచ్చింది. రైతుకు ఇది పెద్ద ఊరట. మండలికి మాత్రం ఎంత కరెంటు ఎక్కడ ఖర్చవుతున్నదో తెలియకుండా పోయింది. తరువాతి దశాబ్దంలో మండలిని కుంగదీసిన ఆర్థిక భారానికి ఇదొక ముఖ్య కారణం.

ఇబ్రహీంపట్నం కేంద్రం

ఇబ్రహీంపట్నం స్థలానికి అనుకూలతలు స్పష్టమైనవి. చల్లబరచడానికి కృష్ణ నీరు పక్కనే ఉంది. సింగరేణి బొగ్గు రావడానికి కాజీపేట - విజయవాడ రైలుమార్గం ఉంది. విజయవాడ నగరం, డెల్టా ప్రాంతం చేరువలోనే ఉన్నాయి. 210 మెగావాట్ల మొదటి యూనిట్ 1979లో, రెండవది 1980లో ప్రారంభమయ్యాయి. అదే పరిమాణంలో మూడవ, నాలుగవ యూనిట్ల నిర్మాణం ఈయన హయాంలోనే సాగినా, అవి ఉత్పత్తి ప్రారంభించింది (1989, 1990) ఈయన పదవి వదలిన తరువాతనే. 1994, 1995లలో మరో రెండు యూనిట్లు చేరడంతో సామర్థ్యం 1,260 మెగావాట్లయింది. 1999లో మండలిని విభజించినపుడు కేంద్రం జెన్‌కో అధీనంలోకి వెళ్ళింది. 2009లో 500, 2023లో 800 మెగావాట్ల యూనిట్లు వచ్చి మొత్తం 2,560 మెగావాట్లకు చేరింది.

ఈ కేంద్రం వెలుగుతో పాటు బూడిదనూ ఇచ్చింది. బూడిద చెరువులు, గాలికి లేచే ధూళి చుట్టుపక్కల గ్రామాలకు ఏళ్ళ తరబడి సమస్యగా ఉన్నాయి. ఆ బూడిదలో కొంత ఇటుకలకు, సిమెంటు తయారీకి పోతున్నది.

పురస్కారం, మరణం

భారత ప్రభుత్వం 1983లో తాతారావును పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 2007లో ఈయన మరణించాడు. కేంద్రం అధికారికంగా డాక్టర్ నార్ల తాతారావు తాప విద్యుత్ కేంద్రమే అయినా, స్థానికుల నోట పాత పేరు వీటీపీఎస్ అన్నదే ఇంకా వినిపిస్తుంది.