గంటలు లెక్కపెడుతూ.. పద్యం అల్లిన చెళ్లపిళ్ల

మాటలు, అంకెల పోటీలకు సిద్ధమవుతున్నారా? టీవీలు లేని రోజుల్లోనే ఆ పోటీని వేలమంది ముందు ఆడి, నెగ్గి, ఆ తర్వాత బడిపంతులైన ఒకాయన గురించి తెలుసుకోండి.

మాటలూ అంకెలూ కలిపి ఆడించే టీవీ క్విజ్‌లలో బాగా పేరున్నది బ్రిటన్‌ వాళ్ల ‘కౌంట్‌డౌన్‌’. అక్కడ ఛానల్‌ 4 మొదలైన 1982 నవంబరు 2న తొలి కార్యక్రమంగా వచ్చింది ఇదే. ఫ్రాన్స్‌ టీవీలో అప్పటికే నడుస్తున్న ఆటను చూసి దీన్ని తయారుచేసుకున్నారు. తొమ్మిది అక్షరాలు ఇస్తారు.. వాటితో వీలైనంత పొడవైన మాట కూర్చాలి. ఆరు సంఖ్యలు ఇస్తారు.. కూడి, తీసేసి, గుణించి, భాగించి అడిగిన మూడంకెల సంఖ్య తెప్పించాలి. గడువు 30 సెకన్లే.

ఒకటి మీరూ ప్రయత్నించండి. 75, 50, 8, 6, 3, 2. ఒక్కోదాన్ని ఒక్కసారే వాడి 623 రప్పించాలి. జవాబు చివర్లో ఉంది, ఇప్పుడే చూడకండి.

కేసముద్రంలో రైలెక్కి వరంగల్‌ కోచింగ్‌కు వెళ్లొచ్చే వాళ్లకు ఇలాంటివి కొత్త కాదు. రీజనింగ్‌లో అక్షరాల వరుస, సంఖ్యల వరుస, క్యాలెండర్‌ ప్రశ్న రోజూ చేసేవే. కానీ మీరు లెక్క వేస్తుండగా ఒకరు పక్కనే ఉండుండి గంట కొడుతుంటే? ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలంటే? ఇంకొకరు మీ నోటి నుంచి రాబోయే అక్షరాన్ని ఊహించి అది వాడొద్దని అడ్డుపడితే? మరొకరు సంబంధం లేని ప్రశ్నలతో నవ్విస్తుంటే? అదే అష్టావధానం. ఎనిమిది మందికి ఒకేసారి జవాబిచ్చే తెలుగువాళ్ల ఆట. ఈ ఆటను పండితుల ఇళ్ల నుంచి జనం మధ్యకు తెచ్చిన జంట తిరుపతి వేంకట కవులు. ఆ ఇద్దరిలో ఒకరే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి.

తప్పు పట్టారు.. కాశీ వెళ్లారు

వేంకటశాస్త్రి 1870 ఆగస్టు 8న తూర్పు గోదావరి ప్రాంతంలోని కడియంలో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం యానాంకు మారింది. డబ్బుకు ఇబ్బంది. చదువు ఒకచోట కుదురుగా సాగలేదు. అయినా కుర్రతనంలోనే పద్యాలు చెప్పడం అబ్బింది. యానాంలో ఒక శతకం చెబితే, అందులో వ్యాకరణ దోషాలున్నాయని పండితులు ఎత్తిచూపారు.

మీరైతే ఏం చేసేవారు? ఆయన ఆ మాటలకు చిన్నబుచ్చుకుని ఊరుకోలేదు. వ్యాకరణమే నేర్చుకోవాలనుకున్నారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర చేరారు. ఆ పైచదువు కోసం కాశీ వెళ్లాలి, చేతిలో పైసా లేదు. దారి ఖర్చుల కోసం ఆయన నమ్ముకున్నది అవధానాన్నే. ఇవాళ మీరు ట్యూషన్లు చెప్పుకొని కోచింగ్‌ ఫీజు కట్టుకోవడం లాంటిదే అది. పోటీలో గెలుపు చదువుకు దారి అయింది తప్ప చదువుకు బదులు కాలేదు.

బ్రహ్మయ్యశాస్త్రి దగ్గరే దివాకర్ల తిరుపతిశాస్త్రి పరిచయమయ్యారు. 1872లో పశ్చిమ గోదావరి ప్రాంతంలోని యండగండిలో పుట్టిన ఆయన వయసులో రెండేళ్లు చిన్న. ఇద్దరూ జంటకట్టారు. ఎవరు రాసినా ఇద్దరి పేరుతోనే వెలువడాలని నిశ్చయించుకున్నారు.

అసలు ఆ ఆటలో ఏముంది?

అవధానంలో అడిగేవారిని పృచ్ఛకులు అంటారు. ఒకరు నాలుగు పదాలిచ్చి, అవి పద్యంలో ఒక్కో పాదంలో ఒక్కోటి రావాలంటారు. అది దత్తపది. అర్థం పొసగని పాదం ఒకటిచ్చి, దానికి అర్థం కుదిరేలా మిగతా పద్యం పూరించమంటే సమస్య. ఫలానా పాదంలో ఫలానా సంఖ్య దగ్గర ఫలానా అక్షరం పడాలంటే న్యస్తాక్షరి. అడుగడుగునా అక్షరాన్ని నిషేధిస్తూ పోతే నిషిద్ధాక్షరి. ఇవి కాక గంటలు లెక్కపెట్టడం, వీపు మీద పడే పూలు లెక్కపెట్టడం, తేదీ చెబితే వారం చెప్పడం లాంటివీ ఉండొచ్చు. ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెబుతూ నాలుగు విడతలు తిరుగుతారు. చివర్లో పద్యాలన్నీ మొదటినుంచీ అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు.

మాటల ఆటలా కనిపించినా లోపల నడిచేదంతా లెక్కే. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం దగ్గర. చంపకమాలలో 21, యతి 11 దగ్గర. శార్దూలంలో 19, యతి 13 దగ్గర. ఇప్పుడు శతావధానం ఊహించండి. వంద మంది, వంద పద్యాలు, 400 పాదాలు. పాదానికి 20 అక్షరాలనుకుంటే దాదాపు 8,000 అక్షరాలు!

ఇదంతా పుట్టుకతో వచ్చే జ్ఞాపకశక్తి అనుకుంటే పొరపాటు. గణాలు, యతి, ప్రాస పద్యాన్ని పట్టి ఉంచే కొక్కేల్లాంటివి. ప్రాస తెలిస్తే పాదంలో రెండో అక్షరం దొరికినట్టే. మీరు ఫార్ములాను బట్టీ పట్టకుండా, అది ఎలా వచ్చిందో తెలుసుకుని గుర్తుపెట్టుకుంటారు చూడండి, అలాంటిదే ఇదీ. నియమం కట్టేయడం లేదు, గుర్తుచేస్తోంది.

మీసం పెంచిన ధీమా

జంటగా ఇద్దరూ కాకినాడలో, మద్రాసులో అవధానాలు చేశారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకూ వచ్చారు. ఒకరు ఎత్తుకున్న పద్యాన్ని మరొకరు అందుకునేవారు. పండితులు మీసాలు పెంచడం ఆనవాయితీ కాని రోజుల్లో వీళ్లు పెంచారు. తమను ఓడించిన కవి ఎదురైతే తీసేస్తామని సవాలు విసిరారు.

అంత ధీమాకు మూల్యం కూడా ఉంటుంది. తోటి కవులతో ఏళ్లతరబడి వాదాలు నడిచాయి. కొప్పరపు సోదర కవులతో వీళ్ల పోటీని జనం రెండు పక్షాలై చెప్పుకొనేవారు. ఆ వేడి ఇప్పుడు చల్లారిపోయింది. ఎవరు ఎవరి మీద పైచేయి సాధించారన్నది ఈనాటి పాఠకుడికి పెద్దగా పట్టదు. ఆ ఇద్దరి పేరు మీద నిలిచిందేమిటో చూడండి. పాండవోద్యోగ విజయాలు నాటకాలు. చదవడం రానివాళ్లు కూడా వాటిలోని పద్యాలు రాగం తీసి పాడుకున్నారు. పోటీలో పదును తేలిన పద్యం, పోటీ ముగిశాక నాటకంలో పనికొచ్చింది.

వేదిక దిగి తరగతి గదిలోకి

పేరు వచ్చాక వేంకటశాస్త్రి మచిలీపట్నం హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేరారు. పిల్లలకు పాఠం చెప్పడమే పని. ఆయన దగ్గర చదివినవాళ్ల పేర్లు చూడండి.. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు. వీరిలో విశ్వనాథ తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చారు. అది 1970 సంవత్సరపు పురస్కారం. సరిగ్గా గురువు పుట్టిన నూరేళ్లకు!

1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. అప్పటికి వేంకటశాస్త్రికి యాభై ఏళ్లు. ఆ తర్వాత ఒంటరిగా రాసిన వాటినీ జంట పేరుతోనే వెలువరించారు. వాటా అడిగేవారు లేకపోయినా మాట తప్పలేదు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ను ఆస్థానకవిని చేసింది. మరుసటి ఏడాది, 1950 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

మన దగ్గరా ఒక జంట

ఇదంతా గోదావరి, కృష్ణా జిల్లాల కథ, మనకేంటి అనుకోకండి. కేసముద్రం పక్కనే ఉన్న ఇనుగుర్తికి వెళ్లండి. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవ రంగారావు అనే అన్నదమ్ములది ఆ ఊరే. నిజాం పాలనలో, తెలుగు చదువే కష్టమైన కాలంలో, 1922లో ఆ పల్లె నుంచే ‘తెనుగు’ అనే వారపత్రిక నడిపారు. భాషలూ చేతిపనులూ ఎన్నో సొంతంగా నేర్చుకున్నారు. వీళ్లు అవధాన వేదికలెక్కి పేరు తెచ్చుకున్నవాళ్లు కాదు. కానీ ఒకరికొకరు తోడై నేర్చుకోవడంలో చెళ్లపిళ్ల జంటకు ఏమీ తీసిపోరు. మీకూ అలాంటి ఒక తోడు ఉంటే, ప్రిపరేషన్‌లో సగం బరువు తగ్గినట్టే.

మీరూ సాధన చేయండి

* స్నేహితుడితో నిషిద్ధాక్షరి ఆడండి. ‘మ’ ఏ రూపంలోనూ రాకుండా మీ ఊరి గురించి ఐదు వాక్యాలు చెప్పాలి. మార్కెట్‌ అనలేరు, మిర్చి అనలేరు, అసలు కేసముద్రం అనే అనలేరు!
* లెక్క చేస్తున్నప్పుడు పక్కవాళ్లు ఉండుండి బల్లమీద తట్టాలి. లెక్క పూర్తయ్యాక ఎన్నిసార్లు తట్టారో మీరు చెప్పాలి. మొదట్లో రెండూ తప్పుతాయి. వదలకండి.
* రాత్రి పడుకునే ముందు పుస్తకం మూసి, ఆ రోజు చదివింది మొదటినుంచీ అప్పజెప్పుకోండి. అదే మీ ధారణ.
* తప్పు చూపినవాళ్లతో వాదన పెట్టుకునే ముందు, ఆ తప్పు ఎందుకొచ్చిందో పుస్తకం తెరిచి చూడండి. యానాం కుర్రాడు కాశీ దాకా వెళ్లింది అలాగే.

ఇక జవాబు. 75ను 8తో గుణిస్తే 600. 50ని 2తో భాగిస్తే 25. 6ను 3తో భాగిస్తే 2. 600కు 25 కలిపి, 2 తీసేస్తే 623. ముప్పై సెకన్లలో రాలేదా? ఫర్వాలేదు. ఎక్కడ ఆగిపోయారో రాసిపెట్టుకుని, రేపు మరో ఆరు సంఖ్యలతో కూర్చోండి.