ఒట్టో లోవీ

ఒట్టో లోవీ (జూన్ 3, 1873 - డిసెంబర్ 25, 1961) జర్మనీలో జన్మించిన ప్రముఖ ఔషధ శాస్త్రవేత్త. నాడుల కొసల వద్ద రసాయన పదార్థం విడుదలై, దాని ద్వారా నాడీ సందేశం అవయవానికి చేరుతుందని ఇతడు ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. ఇందుకు 1936లో హెన్రీ డేల్‌తో కలసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

జీవిత విశేషాలు

లోవీ ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక యూదు ద్రాక్షసారా వర్తకుని ఇంట పుట్టాడు. 1896లో స్ట్రాస్‌బర్గ్‌లో వైద్యవిద్య ముగించాడు. ఆసుపత్రిలో క్షయ, న్యుమోనియా రోగులు సరైన చికిత్స లేక మరణించడం చూచి, వైద్యవృత్తి విడిచి ఔషధ పరిశోధన చేపట్టాడు. 1909లో ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

కప్ప గుండె ప్రయోగం

నాడి నుండి అవయవానికి సందేశం విద్యుత్తు రూపంలోనే చేరుతుందని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. రసాయనం ద్వారా కావచ్చునని 1904లోనే ఇంగ్లండులో ఎలియట్ సూచించినా, నిరూపణ దొరకలేదు. 1921లో లోవీ రెండు కప్ప గుండెలను వేరుచేసి లవణ ద్రావణంతో నింపాడు. మొదటిదానికి వేగస్ నాడిని ఉంచి, రెండవదానికి నాడులు తొలగించాడు. వేగస్‌ను విద్యుత్తుతో ప్రేరేపించగా మొదటి గుండె మందగించింది. అందులోని ద్రావణాన్ని రెండవదానిలోకి మార్చగా, ఏ నాడీ లేని ఆ గుండె కూడా మందగించింది. వేగాన్ని పెంచే నాడిని ప్రేరేపించి తీసిన ద్రావణం గుండెను వేగిరపరచింది.

ఈ ప్రయోగం కలలో తోచిందన్న కథ ప్రసిద్ధం. మొదటి రాత్రి రాసుకున్న చీటీని తెల్లవారి చదవలేకపోయాడట. మరునాటి రాత్రి అదే ఆలోచన మళ్ళీ రాగా వెంటనే ప్రయోగశాలకు వెళ్ళాడట. అయితే ఇందులో అదృష్టం పాలు కూడా ఉంది. విడుదలైన పదార్థం అక్కడికక్కడే ఖర్చయిపోకుండా ద్రావణంలోకి చేరుతుందనుకోవడానికి ముందుగా ఆధారమేమీ లేదు. 1926లో లోవీ, నవ్రాతిల్ గుండెలోని ఎంజైము ఆ పదార్థాన్ని త్వరగా విచ్ఛిన్నం చేస్తుందని చూపారు. అది ఎసిటైల్ కోలిన్ అని తరువాత స్థిరపడింది.

ఈ విడుదలను నాడీకణం ఎలా అదుపు చేస్తుందో లోవీ ప్రయోగం చెప్పలేదు. 1950లలో లండన్‌లో బెర్నార్డ్ కాట్జ్ బృందం, ఎసిటైల్ కోలిన్ నిర్ణీత పరిమాణం గల పొట్లాలుగా వెలువడుతుందని కనుగొన్నది. విద్యుత్ ప్రేరణ నాడి కొసకు చేరగానే కాల్షియం అయానులు లోనికి ప్రవేశిస్తాయి. అప్పుడు రసాయనం నిండిన సూక్ష్మ సంచులు కణత్వచంతో కలసిపోయి దానిని బయటకు వదులుతాయి.

నాజీల నిర్బంధం

1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగానే లోవీని, అతని ఇద్దరు కుమారులను నిర్బంధించారు. తనను చంపుతారేమోనన్న భయంతో లోవీ చెరసాల నుండే తన తాజా పరిశోధన ఫలితాన్ని పోస్టుకార్డుపై రాసి ఒక విజ్ఞాన పత్రికకు పంపాడు. నోబెల్ బహుమతి సొమ్మును నాజీల అధీనంలోని బ్యాంకుకు మార్పించిన తరువాతే అతనిని దేశం విడిచి వెళ్ళనిచ్చారు. భార్య గ్విడాను మాత్రం అక్కడే నిలిపివేశారు. ఆమె 1941లో గాని అతనిని చేరలేకపోయింది. లోవీ బ్రస్సెల్స్, ఆక్స్‌ఫర్డ్‌లలో కొంతకాలం పనిచేసి, 1940లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1946లో అమెరికా పౌరుడయ్యాడు. న్యూయార్క్‌లోనే 88 ఏళ్ళ వయసులో మరణించాడు.