న్యాయపతి రాఘవరావు

న్యాయపతి రాఘవరావు (ఏప్రిల్ 13, 1905 - ఫిబ్రవరి 24, 1984) తెలుగు బాలసాహిత్యకారుడు, పత్రికా సంపాదకుడు, రేడియో ప్రసారకుడు. రేడియో అన్నయ్యగా ప్రసిద్ధుడు. ఈయన భార్య న్యాయపతి కామేశ్వరి (1908 - 1980) రేడియో అక్కయ్యగా పేరుపొందింది. మద్రాసు, హైదరాబాదు ఆకాశవాణి కేంద్రాలలో పిల్లల కార్యక్రమాలను ఈ దంపతులు ఎన్నో ఏళ్లు జంటగా నడిపారు. అందుచేత ఒకరి జీవితచరిత్ర వ్రాయబూనితే రెండవవారి సంగతి కూడా వ్రాయక తప్పదు.

బరంపురము నుండి మద్రాసుకు

రాఘవరావు నాటి మద్రాసు రాష్ట్రములోని గంజాం జిల్లా బరంపురములో జన్మించాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు ఈ పట్టణం అందులో చేరింది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న ఎగ్మూరులో ప్రారంభమైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చేవరకు కోస్తా, రాయలసీమ శ్రోతలకు మద్రాసు కేంద్రమే దిక్కు. తమిళ కార్యక్రమాల నడుమ తెలుగుకు లభించిన కొద్దిపాటి సమయంలోనే పిల్లలకూ కొంత చోటు దక్కింది. ఆ చోటును రాఘవరావు దంపతులు తమదిగా చేసుకున్నారు.

అన్నయ్య, అక్కయ్య

ఈ పేర్లను గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. పిల్లలకు బోధించే పెద్దవాడు ఆ రోజులలో పంతులుగారో, మాస్టారో అయ్యేవాడు. పంతులుగారి ముందు పిల్లవాడు చేతులు కట్టుకొని నిలబడతాడు. అన్నయ్య ముందు నోరు విప్పుతాడు. రాఘవరావు ఎన్నుకున్నది రెండవ వరుస. వరుస ప్రకారం చూస్తే అన్నయ్య భార్య వదిన కావాలి గాని అక్కయ్య కారాదు. అయినను తెలుగుదేశంలో ఏ పిల్లవాడూ దీనికి ఆక్షేపణ చెప్పలేదు.

కార్యక్రమ స్వరూపంలోనూ ఇదే దృష్టి కనబడుతుంది. పెద్దలు చెప్పుట, పిల్లలు వినుట అనే పద్ధతిని విడిచి, పాటలు, నాటికలు, కథలు పిల్లల చేతనే చెప్పించారు. ఇది వినుటకు సులభముగా తోచును గాని, టేపు రికార్డింగు వాడుకలోకి రాని ఆ కాలంలో ప్రసారాలు చాలవరకు ప్రత్యక్షముగా సాగేవి. మైకు ముందు పిల్లవాడు మాట మరచినా, నవ్వినా, ఏడ్చినా అది అట్లే శ్రోతలకు చేరేది. పిల్లలను నమ్మి మైకు అప్పగించడమే ఈ దంపతుల కృషిలో ముఖ్యమైనదని చెప్పవచ్చును.

సంఘము, పత్రిక

ప్రత్యక్ష ప్రసారమైన మాట గాలిలో కలిసిపోతుంది. నాటి కార్యక్రమాలలో అధికభాగం ఈ విధముగానే పోయినవి. గాలిలో కలిసిపోనిది కూడా ఒకటి ఉండాలన్నట్లుగా, రాఘవరావు రేడియోకు వెలుపల రెండు పనులు చేపట్టాడు. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించాడు. క్రమముగా ఇతర ఊళ్లలోనూ బాలానంద సంఘాలు వెలిశాయి. ఇంట రేడియో లేని పిల్లలు కూడా వీటిలో ఆడి పాడేందుకు వీలు కలిగింది.

రెండవది బాల మాసపత్రిక. దీనిని 1945లో, యుద్ధకాలపు కాగితపు కరవు ఇంకా తీరని రోజులలో ప్రారంభించాడు. చందమామ వెలువడినది 1947 జులైలో. బాల అంతకు రెండేళ్లు ముందే పుట్టింది. పిల్లల రచనలను, చిత్రాలను ప్రచురించుట దీని ప్రత్యేకత. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ 1945లో ఇందులోనే అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. బాపు తొలినాటి బొమ్మలు కూడా బాలలో వచ్చాయి. తరువాతి కాలంలో పత్రిక నిలిచిపోయింది. చందమామకు లభించిన దీర్ఘాయువు దీనికి లభించకపోవడం తెలుగు పిల్లలకు నష్టమే.

హైదరాబాదులో

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఆ ఏడే ఈ దంపతులు మద్రాసు విడిచి హైదరాబాదు చేరారు. అప్పటికి రాఘవరావు వయస్సు 51 సంవత్సరాలు. ఆ వయస్సులో స్థిరపడిన ఊరిని, పరిచయమైన శ్రోతలను వదలుకొనుట సామాన్యమైన సంగతి కాదు. హైదరాబాదు కేంద్రం నిజాం కాలపు దక్కన్ రేడియోకు వారసురాలు. అందులో ఉర్దూది పెద్దపీట. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో విలీనమైంది.

ఇక్కడి శ్రోతలు వేరు. హైదరాబాదుకు సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని కామారెడ్డి, ఆపైన ఎల్లారెడ్డి వంటి ఊళ్లలో నాడు రేడియో ఉన్న ఇండ్లు వ్రేళ్ల మీద లెక్కింపదగినవి. రేడియో ఉంచుకొనుటకు తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము చెల్లించవలసి ఉండేది. చాలా గ్రామాలలో పంచాయతీ రేడియోయే అందరి రేడియో. అన్నయ్య, అక్కయ్యల భాష తీరాంధ్రపు నుడికారముతో కూడినది. తెలంగాణ పిల్లల ఇంటి పలుకుబడికి ఆకాశవాణిలో తగిన చోటు దొరకలేదన్న విమర్శ సమంజసమైనదే. అయితే నిజాం కాలంలో పెద్ద చదువులు చాలవరకు ఉర్దూలో సాగిన ప్రాంతపు పిల్లలకు తెలుగులో తమ వయస్సువారి గొంతు రేడియోలో వినబడడం కూడా చిన్న విషయమేమీ కాదు.

ఆంధ్ర బాలానంద సంఘం కూడా హైదరాబాదుకు తరలివచ్చి, నగర పిల్లలకు ఆటపాటలు, నాటకాలు నేర్పే కేంద్రమైంది.

చివరి సంవత్సరాలు

1980లో కామేశ్వరి మరణించింది. రాఘవరావు 1984 ఫిబ్రవరి 24న తన 79వ ఏట మరణించాడు. బాలానంద సంఘాన్ని ఆయన తరువాత కూడా, అందులో పెరిగి పెద్దవారైన పలువురు కొనసాగించారు.