కాపలావాడు ముసలివాడైతే

మా అవ్వకు 78 ఏళ్లు. దెబ్బ తగలకపోయినా మోకాళ్లు వాస్తాయి. ముసలితనం అంతే అని డాక్టర్ దగ్గరికి రాదు. అమ్మ కన్నడంలో, నాన్న తెలుగులో చెప్పి చూశారు, ఎవరి మాటా వినలేదు. అసలు వాపు ఎందుకొస్తుందో చూద్దామని చదవడం మొదలుపెడితే ఇల్యా మెచ్నికోవ్ కథ దొరికింది.

ఆయన 1845లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ దగ్గర పుట్టారు. జంతుశాస్త్రజ్ఞుడు. 1873లో మొదటి భార్య లుద్మిలా క్షయతో పోయినప్పుడు తనూ ప్రాణం తీసుకోబోయి బతికిపోయారు. ఆ మనిషే తర్వాత ఎక్కువకాలం బతకడం ఎలాగని వెతికారంటే నాకు ఆశ్చర్యమేసింది.

1882లో ఇటలీలోని మెస్సినాలో ఆయన నక్షత్రచేప పిల్లలకు గులాబీ ముళ్లు గుచ్చారు. వాటి ఒళ్లు గాజులా ఉంటుంది, లోపల జరిగేదంతా మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. తెల్లారేసరికి ముళ్ల చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. వాపంటే రోగం కాదు, ఒళ్లు చేసే పోరాటమని ఆయనకు తోచింది. క్రిముల్ని మింగే ఆ కణాలకు ఫాగోసైట్లని పేరొచ్చింది. చాలామంది డాక్టర్లు మొదట ఒప్పుకోలేదు. 1888లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి పని సాగించారు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

తర్వాత ఆయన ముసలితనం మీద పడ్డారు. కాపాడే కణాలే వయసు మళ్లాక సొంత ఒంటినే తింటాయని, పేగుల్లోని క్రిముల విషం అందుకు కారణమని, పులిసిన పాలు మంచివని చెప్పారు. తనూ రోజూ తాగేవారు. అయినా 1916లో, 71వ ఏట, గుండెజబ్బుతో పోయారు.

ఆయన చెప్పినదంతా నిలవలేదు. పెరుగు ముసలితనాన్ని ఆపదు. కానీ కాపలావాడే ఇబ్బంది పెట్టొచ్చన్న ఊహ మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. వయసు పైబడేకొద్దీ అరిగిన కణాలు కొన్ని చావకుండా మిగిలి, పక్క కణాలకు అపాయమని కబురు పంపుతూనే ఉంటాయి. క్రిమి లేకున్నా సన్నని వాపు రగులుతూ ఉంటుంది. నిజంగా క్రిమి వచ్చినప్పుడేమో ఒళ్లు మెల్లగా కదులుతుంది. అందుకే పెద్దవాళ్లకు టీకాలు కూడా కొంచెం తక్కువగా పనిచేస్తాయి.

దొంగ రాకున్నా కాపలావాడు కేకలేస్తున్నాడేమో, ఎందుకో కనుక్కుందాం రా అవ్వా అన్నాను. అవ్వ చాలాసేపు మోకాలు నిమురుకుంటూ కూర్చుంది. శనివారం వస్తానంది.