గుమాస్తాగారి అబ్బాయి - చార్లెస్ డికెన్స్

మనబోటి గుమాస్తా ఇంట పుట్టి విశ్వవిఖ్యాతి గాంచిన నవలాకారుడు చార్లెస్ డికెన్స్. 1812 ఫిబ్రవరి 7న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో జన్మించారు. తండ్రి జాన్ నౌకాదళ జీతాల కార్యాలయంలో గుమాస్తా. ఆదాయానికి మించిన ఖర్చుతో అప్పులపాలై, 1824లో లండన్‌లోని మార్షల్సీ జైలుకు వెళ్లారు. పన్నెండేళ్ల చార్లెస్ వారానికి 6 షిల్లింగుల కూలికి బూటుపాలిష్ బుడ్లకు లేబుళ్లు అంటించారు.

తండ్రి విడుదలై, 1825లో పింఛను పుచ్చుకున్నారు. చార్లెస్ మళ్లీ బడికి వెళ్లి, వకీలు ఆఫీసులో గుమాస్తాగా చేరి, షార్ట్‌హాండ్ నేర్చి, పార్లమెంటు విలేఖరిగా ఎదిగి, రచయితగా గొప్ప పేరు, ధనం సంపాదించారు. చిన్ననాడు తండ్రితో వెళుతూ ఆశగా చూసిన గాడ్స్‌హిల్ భవనాన్ని 1856లో తానే కొన్నారు.

1860-61లో వెలువడిన ఆయన నవల గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్. అందులో పేదవాడైన పిప్, గొప్పింటి ఎస్టెల్లాను కోరి పెద్దమనిషి కావాలనుకుంటాడు. తీరా డబ్బు చేతికందగానే, తనను పెంచిన కమ్మరి బావ జోను చూసి సిగ్గుపడతాడు. తర్వాత పశ్చాత్తాపపడతాడు.

ఆ సిగ్గు డికెన్స్‌కూ తెలుసు. బుడ్లకు లేబుళ్లు అంటించిన సంగతి ఆయన బ్రతికుండగా లోకానికి చెప్పలేదు. 1870 జూన్ 9న కన్నుమూశాక, మిత్రుడు ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర ద్వారానే బయటపడింది.

మా నాన్నగారి అప్పుల సంగతి నేనూ చాలా ఏళ్లు దాచాను. ఈమధ్యే మనవలకు చెప్పాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు. మిత్రులారా, పడిన కష్టం చెప్పుకోవడంలో నామోషీ లేదు.