అనుభవ విద్యాచార్యుడు జాన్ డ్యూయీ

మన గ్రంథాలయమునకు 25 వత్సరములు నిండిన ఈ శుభసమయమున, సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను గ్రామమున లెక్కలు వ్రాసికొని జీవించువాడను. బడిలో నేర్చినది స్వల్పము. భారత భాగవతములైనను ప్రబంధములైనను ఈ గ్రంథాలయపు బల్లయొద్ద, నిఘంటువు ప్రక్కన నుంచుకొని, నాయంతట నేను చదువుకొన్నవే. కావున విద్య యననేమి, అది మనుష్యునికి ఏ మార్గమున అబ్బును అను ప్రశ్న నన్ను చిరకాలముగ వెన్నాడుచున్నది. ఆ ప్రశ్నకే దీర్ఘాయువును ధారవోసిన అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ చరిత్రమును ఇందులకై ఎన్నుకొంటిని.

ముందుగా ఒక పొరపాటు తీర్చవలసియున్నది. గ్రంథాలయములలో పుస్తకములను విషయక్రమమున అమర్చుటకు 1876లో దశాంశ పద్ధతిని ప్రకటించిన డ్యూయీ వేరు. ఆయన పేరు మెల్విల్. ఇరువురును అమెరికావారే, సమకాలికులే. కాని ఆయన పుస్తకములను అలమరలలో సర్దెను. మన కథానాయకుడు ఆ పుస్తకములలోని విద్య బాలుని బుద్ధిలో ఎట్లు చేరునో విచారించెను.

జాన్ డ్యూయీ 1859 అక్టోబరు 20వ తేదీన అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున, చాంప్లేన్ సరస్సు ఒడ్డునగల బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి దుకాణదారు. ఆ సంవత్సరారంభముననే ఆ దంపతులకు ఒక పసిబిడ్డ ప్రమాదవశమున మరణించియుండెను. ఆ బిడ్డ పేరునే పిదప పుట్టిన ఈ శిశువునకు ఉంచిరి. బాలుడు మితభాషి, సిగ్గరి. 1879లో వెర్మాంటు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, పెన్సిల్వేనియాలోని ఆయిల్ సిటీ అను ఊర రెండేండ్లు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగ పనిచేసెను.

అక్కడ నుండగనే తత్త్వశాస్త్రముపై ఒక వ్యాసము వ్రాసి, ఒక పత్రికా సంపాదకునకు పంపి, తాను ఈ శాస్త్రమునకు తగుదునా తగనా చెప్పుడని అడిగెను. ఆ సంపాదకుడు ప్రోత్సహించెను. వ్యాసము 1882లో అచ్చయ్యెను. ఆ ధైర్యముతో బంధువురాలి యొద్ద 500 డాలర్లు అప్పుచేసి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చేరి, 1884లో డాక్టరు పట్టము పొందెను. తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడాయెను. 1886లో ఆలిస్ చిప్మన్ అను విదుషిని వివాహమాడెను. తత్త్వము గ్రంథములలో నిలిచిపోరాదనియు, లోకుల కష్టసుఖములను తాకవలెననియు ఆయనకు కలిగిన బుద్ధికి ఆమె సాహచర్యము బలమిచ్చెను.

1894లో షికాగో విశ్వవిద్యాలయము ఆయనను తత్త్వ, మనశ్శాస్త్ర, విద్యాశాస్త్రముల శాఖకు అధ్యక్షునిగ పిలిచెను. రసాయనశాస్త్రమునకు ప్రయోగశాల యుండగా విద్యాశాస్త్రమునకు ఏల యుండరాదని ఆయన తలంచెను. 1896 జనవరిలో 16 మంది పిల్లలతో, ఇద్దరు ఉపాధ్యాయులతో ఒక చిన్న పాఠశాల ప్రారంభమయ్యెను. దానికే ప్రయోగ పాఠశాల యని ప్రసిద్ధి.

ఆ పాఠశాలకు బల్లలు కొనుటకై ఆయన ఊరిలోని దుకాణములన్నియు తిరిగెనట. ఎచ్చటను తగినవి దొరకలేదు. తుదకు ఒక వర్తకుడు అసలు సంగతి కనిపెట్టి, మీకు కావలసినవి పిల్లలు కూర్చుండి పనిచేయు బల్లలు, మా యొద్ద నున్నవన్నియు కూర్చుండి వినుటకు చేసినవి యని చెప్పెనట. ఆ వర్తకుని మాటలో నాటి విద్యాలోకమంతయు ఇమిడియున్నదని డ్యూయీ తరచు తలపోసెడివాడు. విను బల్లపై నలువదిమంది ఒక్క విధముగనే కూర్చుందురు. పనిచేయు బల్లవద్ద ఒక్కొక్కని బుద్ధి ఒక్కొక్క విధముగ బయటపడును.

అచ్చట పిల్లలు వండిరి, కుట్టిరి, వడ్రంగము చేసిరి, నూలు వడికిరి. ఇది చేతివృత్తి నేర్పుటకు కాదు. పనినుండి ప్రశ్న పుట్టించుటకు. ఒకనాడు పిల్లలకు ప్రత్తికాయలును ఉన్నియు ఇచ్చిరి. ఒక జట్టు పిల్లలు అరగంటసేపు చేతితో ప్రత్తిగింజలు తీయగా, వచ్చిన దూది ఒక ఔన్సు, అనగా సుమారు రెండున్నర తులములు కూడ లేకపోయెను. వారి పూర్వులు ఉన్నిబట్టలే ఏల కట్టిరో, ప్రత్తి పరిశ్రమ ఏల వెనుకబడెనో, గింజ తీయు యంత్రము వచ్చినపిదప దేశముల సంపద ఎట్లు మారెనో ఆ పిల్లలు తమ వ్రేళ్ళ నొప్పినుండియే తెలిసికొనిరి. ప్రత్తి పండించు మన రైతులకు ఈ పాఠము క్రొత్తది కాదు. కాని ఆ పాఠమునుండి చరిత్రకును, భూగోళమునకును, యంత్రశాస్త్రమునకును దారి తీయవచ్చునని చూపినది ఆ పాఠశాల.

ప్రయోగమనగా జరిగినది వ్రాసి లోకమునకు చూపవలెను గదా! 1899లో పాఠశాలకు ధనము సమకూర్చుటకై తల్లిదండ్రుల యెదుట ఆయన చేసిన ఉపన్యాసములు పాఠశాల–సమాజము అను అర్థముగల పేరుతో ఆ యేడే పుస్తకమయ్యెను. 1900లో ఆ పాఠశాల పనులను గూర్చిన నివేదికలు వరుసగ అచ్చుపడెను. దూరదేశముల ఉపాధ్యాయులు వానిని చదివి, తమ ఊర పరీక్షించుకొను అవకాశము కలిగెను.

ఆయన కుటుంబజీవితము పూలబాట కాదు. 1895లో యూరపు ప్రయాణమున రెండవ కుమారుడు మోరిస్ ఇటలీలో డిఫ్తీరియా వాతబడెను. 1904లో, ప్రయోగ పాఠశాల ప్రధానోపాధ్యాయినిగ ఆలిస్ కొనసాగుట విషయమై విశ్వవిద్యాలయాధ్యక్షునితో వివాదము పుట్టగా భార్యాభర్తలిరువురును రాజీనామా చేసిరి. ఎనిమిదేండ్ల స్వహస్త కృషి అట్లు చేజారెను. ఆ యేడే మరల యూరపు వెళ్ళగా, ఎనిమిదేండ్ల గోర్డన్ అను కుమారుడు టైఫాయిడ్ జ్వరమున ఐర్లాండులో మరణించెను. ఆ దుఃఖములోనే ఇటలీలో ఒక బాలుని చేరదీసి పెంచుకొనిరి. పిల్లల బుద్ధిని గూర్చి అంత ఓర్పుతో వ్రాసిన చేయి, ఇద్దరు పిల్లలను మట్టికిచ్చిన చేయి యని మనము మరువరాదు.

పిమ్మట ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి, 1930 వరకు బోధించెను. 1910లో మనము ఆలోచించు విధమును గూర్చిన గ్రంథమును, 1916లో ప్రజాస్వామ్యము–విద్య యను ఉద్గ్రంథమును ప్రకటించెను. మొదటి గ్రంథసారమును మన ఊరి ఉదాహరణముతో చెప్పెదను. బావిమీది మోటారు తిరుగుచున్నది, నీరు రాదు. రైతునకు చిక్కు తోచినది. ఇది మొదటి మెట్టు. చిక్కు మోటారులో కాదు, గొట్టములో నున్నదని తేల్చుకొనుట రెండవది. అడుగున ఫుట్ వాల్వు చెత్తపట్టి మూసికొనుట లేదేమో యని ఊహించుట మూడవది. అట్లయినచో పైనుండి పోసిన నీరు గొట్టమున నిలువక దిగిపోవలెనని తర్కించుట నాల్గవది. నీరు పోసి చూచుట ఐదవది. శాస్త్రజ్ఞుడు చేయునదియు ఇదియే. ఆలోచన యనునది చిక్కునుండి పుట్టునే కాని బెత్తమునుండి పుట్టదు.

రెండవ గ్రంథమున, ప్రజాస్వామ్యమనగా ఓట్లపెట్టె మాత్రమే కాదనియు, మనుష్యులు తమ అనుభవములను ఒకరితో నొకరు పంచుకొనుచు కలిసి బ్రతుకు పద్ధతి యనియు ప్రతిపాదించెను. గోడలు కట్టుకొని వేరువేరుగ బ్రతుకు సంఘమున అనుభవము పారదు; పారని అనుభవము నిలువనీరువలె చెడును. 1913 మొదలు 1916 వరకు కొలంబియాలో చదివిన మన డాక్టరు భీమరావు అంబేద్కరు ఈ ఆచార్యుని శిష్యుడు. 1936లో ప్రకటించిన కులనిర్మూలన గ్రంథమున ఆయన ఈ గురుఋణమును స్పష్టముగ చెప్పుకొనెను. 1919లో డ్యూయీ శిష్యుల ఆహ్వానమున చైనాకు పోయి రెండేండ్లకు పైగా ఉపన్యసించెను.

ఇట్లు కీర్తి పెరుగగా ఒక చిక్కు పుట్టెను. అమెరికాలో పెక్కు పాఠశాలలు ఆయన పేరు చెప్పుకొని, క్రమమును పుస్తకమును విడిచి, పిల్లలు చేసినదెల్ల అనుభవమే, అనుభవమెల్ల విద్యయే యని సాగెను. ఇందులకు ఆయన శైలియు కొంత కారణమని చెప్పక తప్పదు. ఆయన వాక్యములు కఠినములు, విన్నవారు తమకు నచ్చినది ఏరుకొనిరి. 1938లో, 78 ఏండ్ల వయస్సున, అనుభవము–విద్య యను చిన్న గ్రంథము వ్రాసి తన పక్షమువారినే ఆయన సరిదిద్దెను. ప్రతి అనుభవమును విద్య కాదనెను. మనుష్యుని ముందునకు నడుపు అనుభవము ఒకటి, దారికి అడ్డుపడు అనుభవము మరియొకటి. ఈ అనుభవము రేపటి ఏ అనుభవమునకు ద్వారము తెరచుచున్నది యనునదే కొలబద్ద. కావున ఈ పద్ధతిలో గురువు భారము తగ్గదు, పెరుగును.

మా వృత్తిలో దీనికి సరియైన పోలిక కలదు. దినదినము జరిగిన జమాఖర్చులు వ్రాయునది చిట్టా. వానిని పద్దులవారీగ ఎత్తి వ్రాయునది ఆవర్జా. చిట్టా ఎంత లావైనను, ఆవర్జాకు ఎత్తనిచో ఎవరి బాకీ ఎంతయో తెలియదు. ఆవర్జా ఎంత అందముగ నున్నను, చిట్టాలో ఆధారము లేనిచో అది బూటకపు లెక్క. అనుభవము చిట్టా, ఆలోచన ఆవర్జా. పాతబడి ఆధారములేని ఆవర్జాను వల్లె వేయించెను. డ్యూయీని అపార్థము చేసికొన్నవారు ఎత్తివ్రాయని చిట్టాలను గుట్టలు పెట్టిరి. రెంటిని కలిపి సరిచూడుమన్నదే ఆయన జీవితసారము.

ఇందులో నా కథయు కొంత కలదు. చిన్ననాడు పది చదరపు గొలుసులు ఒక ఎకరమని తడుముకొనక అప్పజెప్పి మెప్పు పొందితిని. ఒకనాడు మా మేనమామ నన్ను చేనిగట్టుపై నిలిపి, ఈ మడి ఎంతయుండునురా యని అడుగగా నోరు పెగలలేదు. ఆయన నవ్వక, గొలుసు కొస నా చేతికిచ్చి మడిచుట్టు త్రిప్పెను. ఆనాడు నా కాళ్ళకు ఎకరము తెలిసినది. కాని ఆ పిదప పుస్తకము తెరువకుండినచో ఆ మడి దాటి నాకు మరేమియు తెలిసెడిది కాదు.

డ్యూయీ 1952 జూన్ 1వ తేదీన న్యూయార్కులో 92 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. జూన్ 5వ తేదీన కొలంబియా విశ్వవిద్యాలయము అంబేద్కరునకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. ఆ వేడుక చూచుటకు గురువు నాలుగు దినములు ఉండకపోయెను. ఆయన రచనలు తరువాత 37 సంపుటములుగ వెలువడెను. అనుభవముద్వారా విద్య యను విషయముపై 1984లో డేవిడ్ కోల్బ్ వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమునకును ఆయన భావములే ఒక పునాది.

నేడు మన గ్రంథాలయమునకు వచ్చు యువకులలో పెక్కుమంది పోటీపరీక్షల పుస్తకములకే వచ్చుచున్నారు. అది తప్పుగాదు, ఉద్యోగము ఆకలితో ముడిపడినది. పొలము తెలిసిన పెద్దలలో పెక్కుమంది ఈ గడప తొక్కుట లేదు. అదియు మన లోపమే. చిట్టా ఒక ఇంట, ఆవర్జా మరియొక ఇంట నున్నట్లున్నది. కావున కార్యవర్గమువారికి ఒక విన్నపము. ఈ రజతోత్సవపు గురుతుగ ఒక పెద్ద పుస్తకమును బల్లమీద ఉంచుడు. ఊరి బావుల నీటిమట్టము, కురిసిన వాన, పైరులకు వచ్చిన తెగులు పిల్లలు కొలిచి, పెద్దలనడిగి, తేదీలతో అందు వ్రాయుదురుగాక. ఏడాది చివర అందరును కూర్చుండి సరిచూతము. పుస్తకమునకు గీతలు గీయు పని నాది.