భయపెడుతూనే ధైర్యం నేర్పిన కొడవటిగంటి కుటుంబరావు గారు

మన హాస్టల్‌లో చదివిన ఏ బ్యాచ్ వారిని అడిగినా ఒక జ్ఞాపకం తప్పకుండా చెబుతారు. రాత్రి కరెంటు పోతుంది. స్టడీ అవర్ ఆగిపోతుంది. పెద్ద తరగతి అన్నయ్య ఒకడు చాప మధ్యలో కూర్చుని దెయ్యం కథ మొదలుపెడతాడు. చిన్నవాళ్ళందరూ ఒకరినొకరు పట్టుకుని వింటారు. ఆ తర్వాత తెల్లవారేదాకా ఎవ్వరూ ఒంటరిగా బాత్‌రూమ్‌కి వెళ్ళరు. కొబ్బరి తోటలో మట్ట రాలిన చప్పుడైతే చాలు, దుప్పటి ముసుగులు బిగిసిపోతాయి.

నేను ఈ హాస్టల్‌లో ఉన్న రోజుల్లోనే 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమను తుఫాను ముంచెత్తింది. తాతల నాటి కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో నేలకూలాయి. ఎందరో ప్రాణాలు పోయాయి. చాలా రోజులు కరెంటు లేదు. తిరిగి హాస్టల్‌కు వచ్చిన పిల్లలం చీకటి పడితే కాలువ గట్టు వైపు చూడడానికే భయపడేవాళ్ళం. ఆ రోజుల్లో మా గదిలో ఒక రేకు పెట్టెలో అట్టలు చిరిగిన పాత చందమామలు కొన్ని ఉండేవి. లాంతరు వెలుగులో ఒకరు పైకి చదివితే అందరం వినేవాళ్ళం. వాటిలో మాంత్రికులు, రాక్షసులు, పుర్రెలు, శ్మశానాలు అన్నీ ఉండేవి. నిజానికి మా భయం పెరగాలి. కాని విచిత్రంగా తగ్గింది. ఎందుకు తగ్గిందో అప్పుడు తెలియలేదు. ఆ కథల వెనుక ఉన్న మనిషి జీవితం గురించి పెద్దయ్యాక చదివినప్పుడు తెలిసింది. ఆ మనిషే కొడవటిగంటి కుటుంబరావు గారు. తెలుగు సాహిత్యంలో అందరూ కొ.కు. అని పిలుచుకునే మహా రచయిత.

కుటుంబరావు గారు 1909 అక్టోబరు 28న గుంటూరు జిల్లా తెనాలిలో పుట్టారు. అయిదేళ్ళ వయసులోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అన్నగారు వెంకటసుబ్బయ్య గారి నీడలో పెరిగారు. బాల్యం చాలాభాగం అనంతవరం అనే పల్లెటూరిలో గడిచింది. పల్లెటూరి మనుషులను, వారి మాటతీరును, వారి నమ్మకాలను ఆయన దగ్గరగా చూసింది అక్కడే. అన్నగారికి సాహిత్యం మీద ప్రేమ ఉండేది. ఆ ఇంట్లో దొరికిన పుస్తకాలే ఈయనకు మొదటి బడి అయ్యాయి.

గుంటూరులో ఇంటర్మీడియట్, విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం చదివారు. పై చదువు కోసం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో చేరారు. సరిగ్గా ఆ సమయంలోనే 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం ప్రపంచాన్నంతా కుదిపేసింది. అమెరికాలో బ్యాంకులు మూతపడితే ఇక్కడ మన పంటల ధరలు పడిపోయాయి. డబ్బు లేక కుటుంబరావు గారు ఎమ్మెస్సీ పూర్తి చేయకుండానే చదువు ఆపవలసి వచ్చింది. ఫీజు కట్టలేక చదువు ఆగిపోవడం అంటే ఏమిటో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేదు. తర్వాత ఆయన రాసిన ప్రసిద్ధ నవల పేరే ‘చదువు’. అందులో సుందరం అనే కుర్రవాడు అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టి చదువంతా చదివి, ఆ మాంద్యం రోజుల్లోకి వచ్చి పడతాడు. ఆ చదువు దేనికి పనికొచ్చింది అన్న ప్రశ్న పాఠకుడికి మిగులుతుంది. డిగ్రీ చదువుతున్న మన మిత్రులు తప్పక చదవవలసిన పుస్తకం అది.

చదువు ఆగిన తర్వాత ఆయనకు స్థిరమైన ఉద్యోగం చాలాకాలం దొరకలేదు. ఊళ్ళు మారారు, ఉద్యోగాలు మారారు, పత్రికల్లో పనిచేశారు. ఇంట్లోనూ కష్టాలే. చిన్న వయసులోనే పెళ్ళాడిన భార్య పద్మ గారు 1939లో చనిపోయారు. 1945లో వరూధిని గారిని వివాహం చేసుకున్నారు. డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించి ఒక తరాన్ని నిద్రపోనీయకుండా చేసిన కొమ్మూరి సాంబశివరావు గారు వరూధిని గారి సోదరుడే. ఇన్ని కష్టాల మధ్య కూడా కుటుంబరావు గారు రాయడం ఆపలేదు. కథలు, నవలలు, నాటికలు, సినిమా వ్యాసాలు, సైన్సు వ్యాసాలు అన్నీ కలిపి వేల పేజీలు రాశారు.

1947 జూలైలో మద్రాసు నుంచి చందమామ మొదలైంది. బి. నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు దానిని తెలుగులోను, తమిళంలోను ఒకేసారి ప్రారంభించారు. తర్వాత అది దేశంలోని అనేక భాషలకు పాకింది. చక్రపాణి గారిది కూడా తెనాలే. 1952లో కుటుంబరావు గారు చందమామలో చేరారు. అప్పటి నుంచి 1980లో కన్నుమూసే వరకు, అంటే 28 సంవత్సరాలు, ఆ పత్రికను నడిపించిన కలం ఆయనదే. కాని సంపాదకుడుగా ఆయన పేరు పత్రికలో వేసేవారు కాదు. లక్షల మంది పిల్లలు ఆయన వాక్యాలు చదువుతూ పెరిగారు. ఆ వాక్యాలు ఎవరివో వారికి తెలియదు.

ఆయన పని తీరు చాలా కఠినమైనది. ఎవరో పంపిన కథను ఉన్నదున్నట్టు అచ్చుకు ఇచ్చేవారు కాదు. చాలా కథలను తానే కూర్చుని తిరగరాసేవారు. కష్టమైన మాటలు తీసేసేవారు. పొడవు వాక్యాలను విరిచేసేవారు. అక్షరాలు కూడబలుక్కునే రెండో తరగతి పిల్లవాడికి కూడా అర్థం కావాలి, అలాగని పెద్దవాడు చదివితే విసుగు రాకూడదు. అందుకే కోస్తా పిల్లలు, రాయలసీమ పిల్లలు, తెలంగాణ పిల్లలు అందరూ ఆ భాషను తమదిగా చదువుకున్నారు. ఇంగ్లీషు మీడియం లేని మనలాంటి పిల్లలు ఎంతోమందికి తెలుగు చదవడం అలవాటు చేసింది పాఠ్యపుస్తకం కన్నా చందమామే.

ఇక భయం సంగతికి వద్దాం. 1955 నుంచి చందమామలో బేతాళ కథలు మొదలయ్యాయి. వీటికి మూలం సంస్కృతంలోని బేతాళ పంచవింశతి. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో కూడా ఈ కథలున్నాయి. అసలు కథలు 25 మాత్రమే. అవి అయిపోయినా పాఠకులు వదలలేదు. దాంతో బేతాళుడి చట్రంలో కొత్త కథలు చేర్చుతూ దశాబ్దాల పాటు నడిపారు. అర్ధరాత్రి, శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, దానిని భుజాన వేసుకుని నడిచే రాజు. ఇంతకన్నా భయంకరమైన దృశ్యం పిల్లల పత్రికలో ఇంకేముంటుంది? చిత్రకారుడు శంకర్ గారు గీసిన ఆ బొమ్మ, ఒక చేత కత్తి, భుజం మీద శవం, మూడు తరాల తెలుగు పిల్లల కళ్ళలో నిలిచిపోయింది. శంకర్ గారు 2020లో, నిండు వృద్ధాప్యంలో కన్నుమూశారు.

కాని ఒక్కసారి ఆలోచించండి. శవంలో ఉన్న బేతాళుడు రాజును ఏం చేస్తాడు? పీక కొరకడు, నెత్తురు తాగడు. కథ చెబుతాడు. చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, రాజు మళ్ళీ మొదటి నుంచి నడవాలి. అయినా రాజు జవాబు చెబుతాడు. తనకు నష్టమని తెలిసీ చెబుతాడు. అంటే పిల్లవాడిని శ్మశానం దాకా భయపెట్టి తీసుకెళ్ళి, అక్కడ కూర్చోబెట్టి ఆలోచించడం నేర్పారన్నమాట. ఎవరిది న్యాయం, ఎవరిది త్యాగం, ఎవరు నిజంగా గొప్పవారు అని తేల్చుకునేసరికి భయం మరిచిపోతాడు. తుఫాను తర్వాత మా లాంతరు చుట్టూ జరిగింది ఇదే. రాజు జవాబు చదవకముందే మేము రెండు జట్లుగా విడిపోయి వాదించుకునేవాళ్ళం. ఆ వాదనలో కాలువ గట్టు చీకటి ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

కుటుంబరావు గారు సైన్సు చదివినవారు, భౌతికవాది. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో సభ్యులు. అలాంటి మనిషి దెయ్యాల కథలు ఎందుకు అచ్చువేశారని కొందరికి అనుమానం రావచ్చు. కథలో దెయ్యం వేరు, ఊళ్ళో దెయ్యం వేరు. కథలో దెయ్యం ఉందని చదివే పిల్లవాడికీ తెలుసు, అది కథేనని. పుస్తకం మూస్తే అది పోతుంది. ఊళ్ళో దెయ్యం అలా కాదు. దాని పేరు చెప్పి జబ్బుపడ్డ బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళరు. చేతబడి చేసిందని అనుమానించి ఏ దిక్కూ లేని ముసలమ్మను కొడతారు. అలాంటి వార్తలు నేటికీ పేపర్లో చూస్తున్నాం. దెబ్బలు తినేది ఎప్పుడూ పేదవాళ్ళే. పిల్లవాడు కథలో భయంతో ఆడుకుని, దానిని గెలిచి, దాని లోతు తెలుసుకుంటే, రేపు ఊళ్ళో భయం పేరు చెప్పి ఎవరైనా మోసం చేయబోతే నిలబడి ప్రశ్న అడుగుతాడు. ఆ కథలు చదివి నేను నేర్చుకున్నది ఇదే.

కుటుంబరావు గారి పక్కనే పనిచేసిన మరో ఇద్దరి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. మొదటివారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఈయన కూడా 1952లోనే చందమామలో చేరారు. 1954లో మొదలైన తోకచుక్క సీరియల్ రాసింది ఈయనే. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల పోరాటం చదివి వణకని పిల్లవాడు లేడు. ఆ తర్వాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి సీరియల్స్ రాశారు. వాటి మీద కూడా రచయిత పేరు ఉండేది కాదు. 2010లో ఆయన చనిపోయే నాటికి కూడా, ఆ సీరియల్స్ చదివి పెరిగిన చాలామందికి ఆయన పేరు తెలియదు.

రెండవవారు ఆ సీరియల్స్‌కు బొమ్మలు వేసిన చిత్రా గారు. అసలు పేరు రాఘవన్. ఈయన ఏ చిత్రకళా పాఠశాలలోనూ శిక్షణ పొందలేదు, సొంతంగా సాధన చేసి నేర్చుకున్నారు. కొమ్ముల రాక్షసులు, వింత మృగాలు, శిథిలమైన కోటలు, గుహల నోళ్ళు ఆయన గీస్తే ఆ పేజీ తిప్పడానికి చెయ్యి వణికేది, తిప్పకుండా ఉండడానికి మనసొప్పేది కాదు. 1978లో చిత్రా గారు కన్నుమూశారు. మన హాస్టల్‌లో నోటు పుస్తకాల వెనుక అట్టల మీద బొమ్మలు గీసే తమ్ముళ్ళు ఈయనను గుర్తుపెట్టుకోవాలి.

గ్రీకుల ఒడిస్సీ కావ్యం కూడా రూపధరుడి యాత్రలు అనే పేరుతో చందమామలో వచ్చింది. అందులో మనుషులను తినే ఒంటికన్ను రాక్షసుడున్నాడు. హోమరు పేరు వినకముందే, ఒక మారుమూల పల్లె పిల్లవాడు ఆ గుహలోంచి తెలివితో బయటపడిన వీరుడిని ఎరుగుదుడు. ప్రపంచ సాహిత్యాన్ని అణా, బేడలకు పిల్లల చేతిలో పెట్టిన ఘనత ఆ పత్రికది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. చందమామ కథల్లో రాజులు, మంత్రులు, జమీందారులు ఎక్కువ. మన పేటల పిల్లవాడు, కూలికెళ్ళే అమ్మ, లంకల్లో వరదతో పోరాడే కుటుంబం కథానాయకులుగా కనిపించడం చాలా అరుదు. చదివే రోజుల్లో మేము రాజుగారి స్థానంలో మమ్మల్ని ఊహించుకునేవాళ్ళం గాని, మా స్థానంలో ఉన్న రాజు ఎక్కడా కనిపించలేదు. దానికి కుటుంబరావు గారిని నిందించి ప్రయోజనం లేదు. ఆ ఖాళీ మన కోసం మిగిలి ఉంది.

1980 ఆగస్టు 17న కుటుంబరావు గారు మద్రాసులో తుదిశ్వాస విడిచారు. ఆయన కుమార్తె శాంతసుందరి గారు గొప్ప అనువాదకురాలిగా, కుమారుడు రోహిణీప్రసాద్ గారు శాస్త్రవేత్తగా, తెలుగులో సైన్సును తేలికగా చెప్పిన రచయితగా పేరు పొందారు. వారిద్దరూ కూడా ఇప్పుడు లేరు. ఎన్నో తరాలను పెంచిన చందమామ కూడా ఆగిపోయింది.

తమ్ముళ్ళూ, మీ చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి. భయపడాలంటే వీడియోలు బోలెడు ఉన్నాయి. కాని వాటిలో దెయ్యం అరిచి పోతుంది, ప్రశ్న అడగదు. అందుకని పాత విద్యార్థిగా నాదొక విన్నపం. వచ్చే వార్షికోత్సవానికి మన గోడపత్రికలో మీరే రాసి, మీరే బొమ్మ వేసిన ఒక భయంకర కథ ఉండాలి. అందులో శ్మశానం మన ఊరిది కావాలి, కాలువ గట్టు మనది కావాలి, చీకట్లో ముందుకు నడిచే ఆ పిల్లో పిల్లవాడో మన హాస్టల్‌లో చదువుతున్నవారై ఉండాలి. కథ చివర ఒక ప్రశ్న ఉండాలి. రాసిన వారి పేరు, బొమ్మ వేసిన వారి పేరు తప్పనిసరిగా పెద్ద అక్షరాలతో వేయండి. కుటుంబరావు గారికి, దాసరి గారికి దక్కనిది మీకైనా దక్కాలి.

తరగతిలో మాస్టారు ప్రశ్న వేసినప్పుడు జవాబు తెలిసి కూడా లేచి నిలబడడానికి జంకే పిల్లలు మనలో ఎక్కువ. నేనూ అలాగే కూర్చునేవాడిని. జవాబు తెలిసి మౌనంగా ఉన్నవాడి గతి ఏమిటో బేతాళుడు ఎప్పుడో చెప్పాడు. లేచి నిలబడి చెప్పండి. మళ్ళీ మొదటి నుంచి నడవవలసి వచ్చినా ఫరవాలేదు.